ఇంటి ముందు ఏ చెట్టు నాటాలి? దేశీ మొక్కల ఎంపికలో చూసుకోవాల్సినవి ఇవీ

తొలకరి పడగానే కాలనీలో మొక్కల పంపిణీ మొదలవుతుంది. మున్సిపాలిటీ ఆటోలో వచ్చిన మొక్కల్లో చేతికి అందినవి రెండు తీసుకుని, గేటు పక్కన గుంత తవ్వి పెట్టేస్తాం. అది ఏ చెట్టు, ఎంత ఎత్తు పెరుగుతుంది, వేళ్లు ఎటు పోతాయి అనేది అప్పుడు ఎవరూ అడగరు. ఎనిమిది పదేళ్ల తర్వాత కాంపౌండ్ గోడ పగిలినప్పుడో, డ్రైనేజీ పైపు పూడుకుపోయినప్పుడో, ఈదురుగాలికి కొమ్మ విరిగి కారు మీద పడినప్పుడో ఆ ప్రశ్నలన్నీ గుర్తొస్తాయి.

అప్పటికి ఆలస్యమైపోతుంది. ఎందుకంటే మన ఇంటి ఆవరణలో మొక్క నాటడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పెరిగిన చెట్టును కొట్టడానికి మాత్రం కావాలి.

అందుకే మొక్క ఎంపిక నాటే రోజునే సరిగ్గా జరగాలి. ఏవి మన నేలవి, ఏవి ఎక్కడ నప్పుతాయి, ఎక్కడ దొరుకుతాయి, చట్టం ఏం చెబుతోంది? తెలుసుకుందాం.

దేశీ మొక్క అంటే ఏమిటి?

మనుషులు తెచ్చి నాటకుండానే ఒక ప్రాంతంలో సహజంగా పుట్టి, అక్కడి వానకు, ఎండకు, నేలకు, పురుగూ పుట్రకూ అలవాటు పడిన మొక్కలను స్థానిక జాతులు అంటారు. వేప, కానుగ, నేరేడు, ఉసిరి, మోదుగ, రేల, జమ్మి, తంగేడు ఇలాంటివి. తెలంగాణకు రాష్ట్ర వృక్షం జమ్మి, రాష్ట్ర పుష్పం తంగేడు. ఆంధ్రప్రదేశ్‌కు వేప, మల్లె. ఇవన్నీ మన నేల మొక్కలే.

ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. మనం చిన్నప్పటి నుంచి చూస్తున్నవన్నీ మన దేశపువి కావు. పులుసుకు వాడే చింత పుట్టిల్లు ఆఫ్రికా. జామ, సపోటా, బొప్పాయి, సీతాఫలం అమెరికా ఖండాల నుంచి వచ్చాయి. ఎండాకాలంలో ఎర్రగా పూసే తురాయి మడగాస్కర్‌ది. రోడ్ల పక్కన గొడుగులా విస్తరించే నిద్రగన్నేరు మధ్య, దక్షిణ అమెరికాలది. కాగితం పూల మొక్క కూడా దక్షిణ అమెరికాదే.

అంటే వీటిని పెంచకూడదా? అలా ఏమీ లేదు. జామ చెట్టు వల్ల ఎవరికీ నష్టం లేదు. బయటి నుంచి వచ్చిన ప్రతి మొక్కా చెడ్డది కాదు. ఇబ్బందల్లా అదుపు తప్పి వ్యాపించి, పక్క మొక్కలను బతకనివ్వని వాటితోనే. సర్కారు తుమ్మ, వయ్యారిభామ, లాంటానా ఆ కోవలోవి. సర్కారు తుమ్మను చూసి జమ్మి అనుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ దగ్గరి బంధువులే కానీ, జమ్మి మనది, సర్కారు తుమ్మ అమెరికా ఖండాల నుంచి తెచ్చింది.

కోనోకార్పస్ ఏం నేర్పింది?

చకచకా పెరుగుతుంది, ఏడాదంతా పచ్చగా ఉంటుంది, పశువులు ముట్టుకోవు. ఈ మూడు కారణాలతో కోనోకార్పస్‌ను తెలుగు రాష్ట్రాల్లో రోడ్ల మధ్య డివైడర్ల మీద, అపార్ట్‌మెంట్ల ప్రహరీల వెంట, వెంచర్లలో వరుసలు వరుసలుగా నాటారు. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారంలోనూ ఇది విరివిగా కనిపించింది.

తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి. 2022లో తెలంగాణలో దీన్ని నర్సరీల్లో పెంచొద్దని, నాటొద్దని ఆదేశాలు వచ్చాయి. 2023లో గుజరాత్ ప్రభుత్వం అటవీ భూముల్లోనూ, బయటా దీన్ని నాటడాన్ని నిషేధించింది. చలికాలంలో పూసే పూల పుప్పొడి వల్ల జలుబు, దగ్గు, ఉబ్బసం, అలర్జీలు వస్తున్నాయని, వేళ్లు కేబుళ్లను, డ్రైనేజీని, మంచినీటి పైపులను దెబ్బతీస్తున్నాయని కారణాలు చెప్పింది. 2025లో తమిళనాడు కూడా అదే బాట పట్టింది. పుప్పొడి ప్రభావం ఎంత అనే దానిపై నిపుణుల్లో భిన్నాభిప్రాయాలున్నాయి. కానీ ఒకే రకం మొక్కను ఊరంతా నాటితే ఏమవుతుందో మాత్రం అందరికీ అర్థమైంది.

దేశీ అయితే చాలా? చాలదు

దీనికి విశాఖపట్నమే ఉదాహరణ. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నగరంలోని చెట్లను నేలమట్టం చేసింది. మళ్లీ పచ్చదనం తేవాలన్న తొందరలో వీధుల్లో ఏడాకుల పాల మొక్కలను పెద్ద సంఖ్యలో నాటారు. ఇది మన దేశపు చెట్టే. అడవిలో అక్కడొకటి ఇక్కడొకటి ఉంటే ఏ బాధా లేదు. కానీ వీధి పొడవునా వరసగా ఉన్న చెట్లన్నీ చలికాలం మొదట్లో ఒకేసారి పూస్తే, ఆ ఘాటు వాసనకు తలనొప్పి వస్తోందని, ఊపిరాడటం లేదని జనం ఫిర్యాదు చేశారు.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఒకటి కాదు, రెండు. ఇది మన నేల మొక్కేనా? మన ఇంటి స్థలానికి సరిపోతుందా?

దేశీ మొక్కల వల్ల ఇంటికి ఏం లాభం?

నీళ్లు తక్కువ చాలు: హైదరాబాద్‌లో ఏడాదికి సగటున 800 మిల్లీమీటర్ల వరకు వాన పడుతుంది. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. మిగిలిన నెలల్లో నేల ఎండిపోతుంది. ఈ లెక్కకు అలవాటు పడిన మొక్క రెండు వేసవులు దాటిందంటే తర్వాత ట్యాంకర్ నీళ్ల కోసం చూడదు. లాన్‌కు, విదేశీ అలంకరణ మొక్కలకు పోసే నీళ్లతో పోలిస్తే ఇది పెద్ద ఊరట.

పిట్టలు, సీతాకోకచిలుకలు వస్తాయి: సీతాకోకచిలుకలు తేనె ఏ పువ్వు దగ్గరైనా తాగుతాయి. గుడ్లు మాత్రం తమ పిల్లలు తినగలిగే ఆకుల మీదే పెడతాయి. కరివేపాకు, నిమ్మ, మారేడు ఆకుల మీద పిట్ట రెట్టలా కనిపించే చిన్న పురుగు అలాంటిదే. దాన్ని చూసి మందు కొట్టేస్తుంటాం. నాలుగు రెమ్మలు వదిలేస్తే అదే కొన్ని వారాల్లో రెక్కలు తొడుక్కుని ఎగిరిపోతుంది. తంగేడు, రేల ఆకులు కూడా లేత పసుపు రంగు సీతాకోకచిలుకలకు పుట్టిళ్లే.

నీడ సరైన కాలంలో దొరుకుతుంది: కానుగ శిశిరం చివర్లో ఆకు రాల్చి, ఎండలు ముదిరేలోపే లేత ఆకులతో నిండిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో పడమటి గోడకు ఆ నీడ పడితే గది వేడి తగ్గుతుంది.

మీ ఇంటికి ఏది నప్పుతుంది?

ముందు స్థలం కొలవండి. పైన కరెంటు తీగలున్నాయా, కింద నీటి పైపు, డ్రైనేజీ, సంపు ఎక్కడున్నాయో చూడండి. ఎండ ఎన్ని గంటలు పడుతుందో గమనించండి. ఆ తర్వాతే మొక్క పేరు గురించి ఆలోచించాలి.

బాల్కనీ, మిద్దె మాత్రమే ఉంటే

తులసి, కనకాంబరం, నూరువరహాలు, మల్లె, నందివర్ధనం కుండీల్లో బాగా వస్తాయి. నీడ పడే చోట, తడి ఎక్కువగా ఉండే కుండీలో సరస్వతి ఆకు పెంచొచ్చు. ఎండ దంచేసే గోడ దగ్గర, నీళ్లు పోయడం మర్చిపోయేవాళ్లకు నల్లేరును మించింది లేదు. లేత కాడలతో పచ్చడి కూడా చేసుకోవచ్చు. కోసేటప్పుడు దురద పెడుతుంది, చేతికి నూనె రాసుకోండి.

మిద్దె మీద పెంచేవాళ్లు బరువు లెక్క చూసుకోవాలి. ఒక ఘనపు అడుగు తడి మట్టి 40 నుంచి 50 కిలోల దాకా తూగుతుంది. పెద్ద కుండీలను శ్లాబు మధ్యలో కాకుండా దూలాలు, స్తంభాల మీదుగా ఉంచండి. మట్టిలో కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు కలిపితే బరువు తగ్గుతుంది. కుండీల కింది పళ్లాల్లో నీటిని వారానికోసారైనా పారబోయండి. లేదంటే డెంగీ దోమకు మనమే ఇల్లు కట్టిచ్చినట్టు అవుతుంది.

100 నుంచి 150 గజాల ఇల్లయితే

గోడకు, గేటుకు మధ్య నాలుగైదు అడుగులే ఉంటాయి. ఇక్కడ పెద్ద చెట్టు ఆలోచనే వద్దు. కరివేపాకు, పారిజాతం లాంటివి చాలు. పారిజాతం చిన్న చెట్టు. వానాకాలం చివరి నుంచి తెల్లవారేసరికి వాకిట్లో పూలు రాలుస్తుంది. గోడకు కనీసం మూడు నాలుగు అడుగుల దూరంలో నాటి, ఏటా కత్తిరిస్తూ ఉంటే అదుపులో ఉంటుంది.

పూల కోసం నూరువరహాలు, పచ్చదనం కోసం అడ్డసరం వేసుకోవచ్చు. అడ్డసరాన్ని మేకలు కూడా ముట్టవు. తెల్లని పూలకు తేనెపిట్టలు, తుమ్మెదలు వస్తాయి.

200 నుంచి 300 గజాలు, పక్కన కాస్త ఖాళీ ఉంటే

ఒక మధ్యస్థ చెట్టుకు చోటుంటుంది. ఒకటే, రెండు మూడు కాదు. ఇంటి గోడకు 12 నుంచి 15 అడుగుల దూరం ఉండేలా చూసుకోండి.

ఉసిరి: పలుచని నీడ, కాపు. కార్తీకంలో దాని కింద నాలుగు విస్తళ్లు వేసుకోవచ్చు.

రేల: ఏప్రిల్, మే నెలల్లో పచ్చని గుత్తులతో నిండిపోతుంది. పూల కోసం తురాయి నాటాలనుకునేవాళ్లకు మంచి ప్రత్యామ్నాయం.

పొగడ: నిదానంగా పెరుగుతుంది కానీ ఏడాదంతా ఆకు ఉంటుంది. దట్టమైన నీడ, వాడినా వాసన పోని పూలు. తొందరలేని వాళ్లకు ఇదే మంచిది.

మారేడు: ముళ్లుంటాయి కాబట్టి పిల్లలు ఆడే చోటుకు కాస్త దూరంగా.

ప్రహరీ వెంట ముళ్ల కంచె కావాలంటే వాక్కాయ చూడండి. దొంగకు అడ్డు, పప్పుకు పులుపు. ముళ్లు లేని కంచెకు వావిలి నప్పుతుంది, ఎంత కత్తిరించినా మళ్లీ చిగురిస్తుంది. పూర్తి ఎండ, నీరు నిలవని నేల ఉంటే తంగేడు పెట్టండి. బతుకమ్మకు ఊరి బయటికి వెళ్లి వెతుక్కునే పని తప్పుతుంది.

కాలనీ పార్కు, గేటెడ్ కమ్యూనిటీ, విశాలమైన ఖాళీ స్థలం

వేప, కానుగ, నేరేడు, మోదుగ, జమ్మి లాంటివి ఇక్కడే పెంచాలి. మర్రి, రావి, మేడి, జువ్వి పక్షులకు ఏడాది పొడవునా అన్నం పెట్టే చెట్లు. కానీ వాటి వేళ్లు గోడలను చీలుస్తాయి. భవనాలకు, సంపులకు చాలా దూరంగా, పార్కు మధ్యలోనే నాటాలి. గోడ పగుళ్లలో, మిద్దె మూలల్లో మొలిచిన రావి మొక్కను మాత్రం చిన్నగా ఉన్నప్పుడే తీసి కుండీలోకి మార్చండి.

నేరేడును పార్కింగ్ దగ్గర పెట్టకండి. జూన్ వస్తే కార్ల మీద ఊదా మరకలు, కింద జారుడు. వేప విషయంలో ఒక మాట. 2021లో తెలంగాణలో చాలా చోట్ల వేప చెట్ల కొనలు మాడిపోయి, చెట్లు చచ్చిపోయాయనుకుని కొందరు కొట్టేశారు. అది శిలీంధ్రం వల్ల వచ్చిన ఎండు తెగులు. వాటిలో చాలా చెట్లు తర్వాత మళ్లీ చిగురించాయి. మీ వేప ఎండినట్టు కనిపిస్తే గొడ్డలి తీయడానికి ముందు ఒక సీజన్ ఆగండి.

ఊరిని బట్టి ఎంపిక మారుతుందా?

మారుతుంది. అనంతపురంలో ఏటా కురిసేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అక్కడ తంగేడు, జమ్మి, వేప, నల్లేరు లాంటి మెట్ట మొక్కలకే మొగ్గు. నెల్లూరులో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కాబట్టి నాటే సమయం కూడా అప్పుడే మేలు. తీరంలో తుపాను గాలులుంటాయి. అక్కడ వేగంగా పెరిగే పెళుసు చెట్లకంటే గట్టిగా ఎదిగే కానుగ, పొగడ నయం. హైదరాబాద్‌లో కొత్త వెంచర్లలో రెండడుగులు తవ్వితే రాయి తగులుతుంది. అలాంటి చోట గుంత పెద్దది తవ్వించి మంచి మట్టి నింపక తప్పదు.

ఒకే పేరుతో రెండు చెట్లు

నర్సరీలో పేర్లు తారుమారు కావడం మామూలే. అపార్ట్‌మెంట్ల ముందు సన్నగా, నిటారుగా నిలబడే 'అశోక' నిజానికి నరమామిడి. అసలు అశోకం వేరు. దానికి నారింజ, ఎరుపు రంగుల్లో పూలు గుత్తులుగా పూస్తాయి, నీడ, తేమ కావాలి. అలాగే మొక్క చూడటానికి బాగుందని ఎర్రచందనం పెరట్లో పెట్టకండి. శేషాచలం కొండల సొంత సంపద అది. పెరిగాక కొట్టడానికి, తరలించడానికి అటవీ శాఖ అనుమతుల తతంగం చాలా ఉంటుంది.

చిన్న పిల్లలున్న ఇంట్లో పచ్చ గన్నేరు వద్దు. దాని కాయలు విషం. జిల్లేడు పాలు కంట్లో పడకుండా జాగ్రత్త.

మొక్కలు ఎక్కడ దొరుకుతాయి?

మున్సిపల్ నర్సరీలు, అటవీ శాఖ, ఉద్యాన శాఖ నర్సరీల్లో దేశీ మొక్కలు ఉచితంగానో, తక్కువ ధరకో దొరుకుతాయి. వనమహోత్సవం రోజుల్లో వార్డు స్థాయిలోనూ పంచుతారు. ఇచ్చింది తీసుకోవడం కాకుండా, మాకు పొగడ కావాలి, రేల కావాలి అని అడగండి. జనం అడిగిన రకాలనే నర్సరీలు మరుసటి ఏడాదికి పెంచుతాయి. కాలనీ సంఘం తరఫున ముందుగా రాసిస్తే ఇంకా మంచిది.

తెలంగాణ పురపాలక చట్టం-2019 ప్రకారం ప్రతి మున్సిపాలిటీ బడ్జెట్‌లో 10 శాతాన్ని పచ్చదనానికి కేటాయించాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతికేలా చూసే బాధ్యత స్థానిక ప్రజాప్రతినిధులు, అధికారులపై ఉంది. మీ వీధిలో ఏ రకాలు నాటుతున్నారు, కిందటేడు నాటినవి ఎన్ని మిగిలాయని అడిగే హక్కు మీకుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి: కవరు అడుగున వేళ్లు గుండ్రంగా చుట్టుకుపోయి ఉంటే ఆ మొక్క వద్దు. అలాంటిది పెరిగాక గాలికి వేళ్లతో సహా పడిపోయే ప్రమాదం ఎక్కువ. కాండం గట్టిగా, ఒకే మొదలుతో ఉన్నది తీసుకోండి. ఎత్తైన బలహీనమైన మొక్కకంటే పొట్టి, గట్టి మొక్క మేలు.

ఎలా నాటాలి?

1. రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తవ్వండి. రాతి నేలైతే మూడడుగులు.

2. తీసిన మట్టిలో మూడో వంతు మాగిన పశువుల ఎరువు కలపండి.

3. ప్లాస్టిక్ కవరు పూర్తిగా తీసేసి, నర్సరీలో మట్టి ఎంత వరకు ఉందో అంతే లోతులో నాటండి.

4. మొదలు చుట్టూ ఎండుటాకులు పరచండి. కాండానికి మాత్రం తగలనివ్వకండి.

5. మొదటి రెండు వేసవుల్లో వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి ఒక బకెట్ నీళ్లు పోయండి.

6. మొదలు చుట్టూ సిమెంటు చేయించకండి. కనీసం మూడడుగుల మట్టి వలయం వదలండి. వాన నీరు ఇంకాలి, వేరు ఊపిరి పీల్చాలి.

చెట్టు కొట్టాల్సి వస్తే?

రెండు రాష్ట్రాల్లోనూ 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) అమల్లో ఉంది. దీని ప్రకారం సొంత స్థలంలోని చెట్టయినా సరే, కొట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. కొన్ని రకాలకు మినహాయింపులున్నాయి. మీ చెట్టు ఆ జాబితాలో ఉందో లేదో అటవీ శాఖ కార్యాలయంలో కనుక్కోండి. అనుమతి లేకుండా కొడితే జరిమానా తప్పదు.

కొమ్మలు కరెంటు తీగలకు తగులుతుంటే మీరే నిచ్చెన వేసి ఎక్కకండి. 1912కు ఫోన్ చేస్తే విద్యుత్ పంపిణీ సంస్థ సిబ్బంది సరఫరా ఆపి కొమ్మలు తొలగిస్తారు. రోడ్డు పక్క చెట్టు ప్రమాదకరంగా వాలితే మున్సిపల్ కార్యాలయానికి, హైదరాబాద్‌లో అయితే జీహెచ్‌ఎంసీ అర్బన్ బయోడైవర్సిటీ విభాగానికి ఫిర్యాదు చేయొచ్చు. ఈ పని వేసవి గాలివానలు మొదలవకముందే, ఫిబ్రవరి, మార్చిలో చేస్తే మేలు.

నాటే ముందు ఈ 5 ప్రశ్నలు

ఈ మొక్క అసలు పేరేమిటి, పుట్టిల్లు ఎక్కడ?

20 ఏళ్లకు ఎంత ఎత్తు, ఎంత వెడల్పు పెరుగుతుంది?

పైన తీగలు, కింద పైపులు ఉన్నాయా?

ఇదే రకం వీధిలో ఇప్పటికే ఎన్ని ఉన్నాయి?

రెండు వేసవులు నీళ్లు పోసేది ఎవరు?

అయిదింటికీ జవాబులు దొరికితే గుంత తవ్వండి. చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే ఈ ఏడాదికి కుండీలో తులసి పెట్టుకుని, వచ్చే తొలకరికి చెట్టు సంగతి చూడండి. ఎండిపోయే పది మొక్కలకంటే, నీళ్లు పోసి బతికించుకున్న ఒక్క చెట్టే ఇంటికి నీడ.